మొదటి ముద్దతో వేసుకునే మాత్ర

ఆ ఏడాది నా మెషిన్ మీదికి ఎక్కువసార్లు వచ్చినవి నా సొంత జాకెట్లే. కొత్తవి కావు. ఉన్నవాటినే లోపలికి కుట్టుకుంటూ పోయాను.

మా పని తెలియని వాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. జాకెట్టు పక్కలు కలిపేటప్పుడు ఒక్క కుట్టు వేసి ఊరుకోం. చంక కింద నుంచి నడుము దాకా పక్కపక్కనే రెండు మూడు వరసలు వేస్తాం. వాటి అవతల రెండు వేళ్ళంత గుడ్డ కత్తిరించకుండా లోపలే వదిలేస్తాం. ఆడవాళ్ళ ఒళ్ళు ఒక్కలా ఉండదు కదా. పెళ్ళి, కాన్పు, వయసు, బెంగ, అన్నీ నడుము దగ్గరే తెలుస్తాయి. ఒళ్ళు చేస్తే ఒక వరస విప్పుకుంటే చాలు, జాకెట్టు మళ్ళీ పడుతుంది. చిక్కిపోతే ఇంకో వరస లోపలికి వేసుకోవాలి. నా జాకెట్లకు వేసుకున్న వరసలు బయటికి కనబడితే ఏ కస్టమరూ నా గుమ్మం తొక్కేది కాదు.

దీపావళికని కుట్టుకున్న నెమలికంఠం రంగు కాటన్ జాకెట్టు ఒకటి ఉంది. దాన్ని కుట్టిన కొలతతో ఒక్కసారే వేసుకున్నాను. ఆ తర్వాత వేసుకున్నదంతా లోపలికి కుట్టుకునే. లోపల మిగిలిన గుడ్డ మడతలు పడి చంక కింద ఒత్తుకునేది. పక్కన మ్యాచింగ్ సెంటర్ నడిపే ఆవిడ చూసి, "అక్కా, గా ఎక్కువ గుడ్డ కట్ చేసి అంచుకు ఓవర్‌లాక్ కొట్టెయ్యరాదు, జర హాయిగ ఉంటది" అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ గుడ్డ కత్తిరించడమంటే నేను మళ్ళీ మనిషిని కానని నా చేత్తో నేనే ఒప్పుకోవడం. కత్తెర ముట్టుకోలేదు.

మా కొట్టు అమీర్‌పేటలో బట్టల దుకాణాల వెనక సందులో ఉంటుంది. పై అంతస్తుల్లో కంప్యూటర్ కోచింగులు, కింద మేము. ఇల్లు మధురానగర్‌లో, ఆడపిల్లల హాస్టళ్ళ మధ్యన. నేను కోస్తా నుంచి కంప్యూటర్ నేర్చుకోవడానికే ఈ ఊరు వచ్చాను. కోర్సు సగంలో ఉండగానే హాస్టల్ పిల్లల జాకెట్లు సరిచేసి పెట్టడం మొదలుపెట్టి, చివరికి ఆ పనిలోనే స్థిరపడ్డాను. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే ఆయన్ని చేసుకున్నాను. వాళ్ళది మెదక్ వైపు వ్యవసాయం చేసిన ఇల్లు. మా అత్తగారు మాతోనే ఉంటుంది.

ఆ దీపావళి వెళ్ళిన వారంలోనే వచ్చింది నొప్పి. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి దూసుకుపోయింది. పంజగుట్టలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పిత్తాశయంలో రాయి జారి, క్లోమం నుంచి వచ్చే గొట్టానికి అడ్డం పడిందట. క్లోమం వాచిపోయి, కొంత భాగం పాడైపోయింది. అప్పటిదాకా పొట్ట వెనక క్లోమం అనేది ఒకటి నాకు ఉందనే తెలియదు. అక్కడ ఒక కుర్ర డాక్టరు నన్ను పక్కకు పిలిచి, మందు తాగే అలవాటు ఉందా అని మెల్లగా అడిగాడు. "తాగడానికి తీరికేదీ బాబూ, చీరలకు ఫాల్స్ కుట్టేసరికే తెల్లారుతోంది" అన్నాను. నొప్పిలో కూడా నాకు నోరు తగ్గలేదు.

రాయి తీశారు, పిత్తాశయం తీసేశారు, ఇంటికి పంపారు. అసలు కథ అప్పుడు మొదలైంది. మా అత్తగారు పథ్యం అందుకుంది.

పథ్యం విషయంలో మా అత్తగారిది ఇనుప చట్టం. కోడలు చావు అంచుల దాకా పోయి వచ్చిందని ఆవిడకు భయం. ఆ భయమంతా నా కంచంలో పెట్టేది. పొద్దున జావ, మధ్యాహ్నం చారన్నం, రాత్రి చారన్నం, మధ్యలో ఉడికించిన బీరకాయ. నూనె చుక్క లేదు, నెయ్యి మాటే లేదు. "నెయ్యి ముడితె గా నొప్పి మల్ల లేస్తది బిడ్డా. నేను బతికుండంగ నీకు నెయ్యి పెట్టేది లేదు" అనేది. నాకేమో చిన్నప్పటి నుంచీ వేడన్నంలో కందిపొడి, నెయ్యి కలిపిన మొదటి ముద్ద లేకపోతే అన్నం తిన్నట్టే ఉండదు. అయినా ఆవిడ ప్రేమకు ఎదురు చెప్పలేక ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు అలవాటు లేని పని, అందుకే ఇంకా గుర్తుంది.

ఎంత పథ్యం చేసినా తిన్నది ఒంటికి పట్టలేదు. పట్టకపోవడం ఎలా తెలుస్తుందో రాయడానికి సిగ్గుపడను. దొడ్డికి వెళ్తే నీళ్ళ మీద జిడ్డు తేలేది. ఎన్ని నీళ్ళు పోసినా పోయేది కాదు. ఆ వాసనకు నాకే అసహ్యం వేసేది. చూడ్డానికి వచ్చిన వాళ్ళు తెచ్చిన పాలకోవా, మా ఆయన దొంగతనంగా తెచ్చిన ఒక గుడ్డు, జావలో పోసిన పాలు, అంత కొంచెం కొవ్వు కూడా నాలో నిలబడకుండా బయటికి పోతోంది. జుట్టు రాలింది. జబ్బలు సన్నబడ్డాయి. మెషిన్ తొక్కుతుంటే పిక్కలు వణికేవి. కత్తెర పట్టుకుని నాలుగు మడతల లైనింగ్ కోయాలంటే మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేదాన్ని.

మా ఆయన మంచివాడు. మంచివాడు కాబట్టే మరీ కోపం వచ్చేది. "దుకాణం బందు వెడదాం. నీ పానం కంటె ఎక్కువనా అది?" అన్నాడు ఒక పూట. ఆ కొట్టు నేను పెట్టుకున్నది. ఆ షట్టర్ మీద పేరు నాది. ఈ నగరంలో ఎవరి కూతురూ ఎవరి భార్యా కాకుండా నన్ను నన్నుగా పిలిచే చోటు అదొక్కటే. అది పోతే నేను బతికి ఉండి కూడా ఏమవుతానో తెలియలేదు. "మూసేది లేదు" అన్నాను. వాదించే శక్తి లేక ఆ ఒక్క ముక్కే అన్నాను.

వేసవి మొదట్లో, పంజగుట్ట ఆసుపత్రిలో నన్ను చూసే డాక్టరమ్మ మళ్ళీ పరీక్షలు చేయించింది. క్లోమం తిండిని అరిగించే రసాలు తగినంత చేయడం లేదని, ఆ రసాలనే మాత్రలుగా ఇస్తామని చెప్పింది. పెద్ద పెద్ద గొట్టం మాత్రలు. లోపల ఆవాల్లాంటి సన్న గింజలు గలగలమంటాయి. ఇక బాగుపడ్డానని ఇంటికి వచ్చాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒకటి, రాత్రి భోజనం అయ్యాక ఒకటి, ఒక్క పూట మానకుండా మింగాను. వారాలు గడిచాయి. నెమలికంఠం జాకెట్టుకు ఇంకో వరస లోపలికి పడింది.

ఆషాఢం వస్తుందనగా మళ్ళీ వెళ్ళాం. తూకం చూసి డాక్టరమ్మ ముఖం ముడుచుకుంది. బోనాలు వెళ్ళాక మళ్ళీ రమ్మంది. అప్పటికీ ఇంకా తగ్గితే ఆసుపత్రిలో చేర్చుకుని, ముక్కులోంచి గొట్టం వేసి తిండి పంపాల్సి ఉంటుందంది. మా ఆయన నా వైపు చూడకుండా, "గట్లయితే దుకాణం బందే" అన్నాడు. ఈసారి నేను కాదనలేదు. బోనాలు వెళ్ళేదాకా నాకు గడువు ఉంది, అంతే.

వెళ్ళేముందు తిండి సంగతులు చెప్పే మేడమ్‌ను కలవమన్నారు. కారిడార్ చివర చిన్న గది. నేనూ, మా అత్తగారూ కూర్చున్నాం. ఆ మేడమ్ మాత్రలు వేసుకుంటున్నారా అని అడగలేదు.

"మధ్యాహ్నం అన్నం ఎలా తింటారో నాకు చేసి చూపించండి" అంది.

నవ్వులాటనుకున్నాను. అయినా చూపించాను. లేని కంచం ముందు పెట్టుకున్నాను. చారు పోసుకుని కలిపాను, బీరకాయ నంజుకున్నాను, పెరుగన్నం తిన్నాను. లేచి చెయ్యి కడుక్కున్నాను. కొంగుతో తుడుచుకుని, ఫ్రిజ్ మీద నుంచి డబ్బా తీసి, మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాను.

"మాత్ర అప్పుడా?" అంది మేడమ్.

"తిన్నాకే కదండీ ఏ మాత్రైనా. ఖాళీ కడుపున వేస్తే మండదూ?"

"మా ఇండ్లల్ల గోలి అంటె తిన్నంకనే అమ్మా" అని మా అత్తగారు కూడా బలపరిచింది. ఇరవై ఏళ్ళలో మేమిద్దరం ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది నొప్పికి వేసుకునే మాత్ర కాదండీ. ఇది మీ అన్నాన్ని అరిగించాల్సిన రసం. అన్నంతో కలిసి వెళ్ళాలి. మొదటి ముద్దతో ఒకటి, భోజనం మధ్యలో ఒకటి. మీరు మాత్ర పంపించేసరికి అన్నం ముందు వెళ్ళిపోతోంది, మందు వెనక పరుగెత్తుతోంది."

మన ఇళ్ళల్లో మాత్రకు రెండే వేళలు. మందుల షాపు కౌంటరు దగ్గర ఎవరైనా అడిగేది ఒకటే: తినకముందా, తిన్నాకా? తింటూ అనే మూడోది మన నోట రాదు. తినేటప్పుడు మాత్ర తెచ్చుకోవడం అశుభంలా చూస్తాం. అన్నం ముందర మందు మాట ఎత్తితే పెద్దవాళ్ళు కసురుతారు. డాక్టరమ్మ భోజనంతో అనే చెప్పి ఉంటుంది. మా చెవులు దాన్ని భోజనం తర్వాత అని మార్చుకున్నాయి. అంత ఖరాఖండిగా, అంత నమ్మకంగా, ఇంటిల్లిపాదీ కలిసి నన్ను ఎండబెట్టాం. కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియక నవ్వు వచ్చింది.

ఆ తర్వాత మేడమ్ కాగితం మీద గీసి చెప్పింది. క్లోమం చేసే రసాల్లో మూడు రకాలు ముఖ్యమట. కొవ్వుకు లైపేజ్, పిండిపదార్థానికి అమైలేజ్, పప్పూ మాంసం లాంటి మాంసకృత్తులకు ప్రోటియేజ్. పిండిని కొంత లాలాజలమూ చూసుకుంటుంది, మాంసకృత్తుల్ని కొంత పొట్టా చూసుకుంటుంది. కొవ్వుకు మాత్రం దాదాపు క్లోమమే దిక్కు. అందుకే ముందు జిడ్డు తేలుతుంది. పేర్లు నాకు నోరు తిరగలేదు గానీ సంగతి ఇట్టే అర్థమైంది. పాత పట్టుచీరతో పిల్లకు లంగా కుట్టాలంటే, ముందు ఫాల్ విప్పాలి, అంచు విప్పాలి, ముక్కలు చేసుకోవాలి. కుట్టిన బట్టను కుట్టినట్టే తెచ్చి ఎవరి ఒంటికీ తగిలించలేం. తిండీ అంతే. అది ఎక్కడో కుట్టుకుని వచ్చిన బట్ట. నా లోపల ఆ కుట్లు విప్పేవాళ్ళు లేరు. చీర చీరలాగే వచ్చి, చీరలాగే పోతోంది.

"మరి మాత్రలోని గింజలు పొట్టలోనే కరిగిపోవా?" అని అడిగాను.

"పొట్టలోని ఆమ్లానికి ఈ రసాలు పాడైపోతాయి. అందుకే ఆ గింజల మీద పూత ఉంటుంది. పొట్ట దాటి చిన్నపేగులోకి వెళ్ళాకే పూత కరుగుతుంది. అందుకని నమలకూడదు, నూరకూడదు, వేడి వేడి చారులో కలపకూడదు. మాత్రల డబ్బా కూడా చల్లటి చోట ఉంచాలి."

మా అత్తగారు ఇబ్బందిగా కదిలింది. మింగలేకపోతున్నానని ఆవిడ అంతకుముందు వారం ఒక మాత్ర విప్పి వేడి చారులో కలిపింది. నేను మాట మార్చాను.

"ఇవి దేనితో చేస్తారండీ?" అన్నాను.

మేడమ్ కొంచెం తడబడి, పంది క్లోమం నుంచి తీస్తారని చెప్పింది. నేను మా అత్తగారి వైపు చూశాను. ఆవిడ శనివారం ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. కాసేపు ఆలోచించింది.

"గోలి మీద దాని బొమ్మ ఉన్నదా? లేదు గద. ఏసుకో" అంది.

చివర్లో పథ్యం మాట వచ్చింది. నెయ్యి మానేస్తే బరువు ఎక్కడి నుంచి వస్తుందని మేడమ్ అడిగింది. పిత్తాశయం తీసేసిన కడుపు కాబట్టి కొంచెం కొంచెంగా, కానీ తినాలంది. "నెయ్యి మానడం కాదు, నెయ్యితో పాటు మాత్ర మానకపోవడం. అది మీ పథ్యం" అంది. మా అత్తగారికి ఆ మాట మింగుడుపడలేదు. ఎర్రగడ్డ రైతుబజారు దగ్గర ఆటో ఆపించింది. దిగి బీరకాయలే కొనబోయింది. నేను ఆవిడ చేతిలోంచి సంచి తీసుకున్నాను.

"అత్తయ్యా, మీరు నన్ను బతికించుకోవాలని చూశారు. నాకు తెలుసు. కానీ బోనాలు వెళ్ళేదాకా నా మాట వినండి. వినకపోతే నా కొట్టు పోతుంది."

ఆవిడ నా ముఖం చూసి, బీరకాయలు వదిలేసింది.

మర్నాడు మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నాను. వేడన్నం, కందిపొడి, నెయ్యి. చెంచాడు నెయ్యే. మా అత్తగారు గిన్నె పట్టుకుని, పాము పుట్ట దగ్గర నిలబడినట్టు నిలబడింది. మొదటి ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని, దాని వెంటే మాత్ర మింగాను. ఆ రుచికి కళ్ళనీళ్ళు వచ్చాయి. అన్నం సగం అయ్యాక ఇంకో మాత్ర. ఆ రాత్రంతా నొప్పి వస్తుందేమోనని ఆవిడ నా గది ముందే పక్క వేసుకుని పడుకుంది. రాలేదు.

అది మొదలు తినడం నాకు ఆకలి తీర్చుకునే పని కాదు, కొట్టు కాపాడుకునే పని. ఇష్టం ఉన్నా లేకపోయినా కూర్చుని తిన్నాను. గుడ్డు, చేప, వేరుశనగ పచ్చడి, గట్టి పెరుగు. కడుపు బరువుగా ఉంటే లేచి రెండడుగులు వేసి మళ్ళీ కూర్చున్నాను. కొట్టులో ఇస్త్రీపెట్టెకు దూరంగా, నీళ్ళ కుండ పక్కన హుక్కుల డబ్బాలో మాత్రలు పెట్టుకున్నాను. సాయంత్రం సందు మొదట్లో మిర్చి బజ్జీ తినాలన్నా ముందు మాత్ర. చిక్కటి పాలచాయ్‌కి కూడా, మేడమ్ చెప్పిన కొలత ప్రకారం. హాస్టల్ పిల్లలు కొలతలు ఇస్తూ వింతగా చూసేవాళ్ళు. చూస్తే చూశారు. నా తిండి నేను అరిగించుకుంటున్నాను.

మొదట మారింది బరువు కాదు. ఒక పొద్దున నీళ్ళ మీద జిడ్డు తేలలేదు. బయటికి వచ్చి మా అత్తగారికి ఆ శుభవార్త చెప్పాను. ఆవిడ దేవుడి గూటికి దణ్ణం పెట్టింది. ఇలాంటి విషయానికి దేవుడికి దణ్ణం పెట్టిన ఇల్లు మాదే అయి ఉంటుంది.

బోనాలకు బోరబండలో ఆడపడుచు ఇంటికి వెళ్ళాం. వీధిలో షామియానా కింద వరసగా కూర్చోబెట్టారు. బగారన్నం, మటన్, దాల్చా. మా అత్తగారు నాకు ఎదురు వరసలో ఉంది. ఆకుల్లో వడ్డన అయింది, అందరూ కలిపారు. నేను సంచిలో చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. నలుగురిలో నాకు కొంచెం మొహమాటమైంది. ముందు తినేసి, పక్కకు వెళ్ళి వేసుకుంటే ఏమవుతుందిలే అనిపించిన మాట నిజం. అప్పుడు షామియానా మొత్తానికి వినబడేలా గొంతు వచ్చింది.

"బిడ్డా, గోలి ఏసుకున్నవా? ఏసుకోకుండ బుక్క ముట్టకు."

తింటున్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. నా పక్కావిడ, "ఏం బీమారి అక్కా?" అంది. నేను నోరు తెరిచేలోపు మా అత్తగారే అందుకుంది. "బీమారి ఏం లేదు. మనకు లోపల ఒక రసం ఊర్తది, తిన్నది అరగనీకి. మా కోడలికి జర తక్కువ ఊర్తది. గోలి ఏసుకుంటె బరాబర్. మొదటి బుక్కతోనే ఏసుకోవాలె, తిన్నంక ఏసుకుంటె ఫాయిదా లేదు." ఇంత చెప్పి, వడ్డించే పిల్లవాణ్ణి కేకేసి నా ఆకులో ఇంకో రెండు ముక్కలు వేయించింది. బీరకాయ చారుతో నన్ను నెలల తరబడి కాపలా కాసిన మనిషి ఈవిడేనా అనిపించింది. నేను మాత్ర మింగి, అందరూ చూస్తుండగానే తిన్నాను. మొహమాటం ఆ ముద్దతోనే పోయింది.

బోనాలు వెళ్ళాక పంజగుట్ట వెళ్ళాం. తూకం మిషన్ ఎక్కేముందు చెప్పులతో పాటు గాజులు కూడా తీశాను, తర్వాత ఎవరూ అనుమానించకూడదని. పెద్దగా పెరగలేదు. కానీ తగ్గలేదు, పెరిగింది. గొట్టం అక్కర్లేదని, మాత్రలు మాత్రం ఎప్పటికీ మానకూడదని డాక్టరమ్మ చెప్పింది. ఎప్పటికీ అన్న మాటకు భయపడతాననుకుందేమో, నా చేయి పట్టుకుంది. నాకు భయం వేయలేదు. మర్నాడు మా ఆయన నాకంటే ముందే వెళ్ళి షట్టర్ పైకెత్తి, నా మెషిన్‌కు డిపోలో బస్సుకు పెట్టినంత శ్రద్ధగా నూనె పెట్టి, డ్యూటీకి వెళ్ళాడు.

శ్రావణమాసం ఆర్డర్లు ముంచెత్తాయి. వరలక్ష్మీ వ్రతం దగ్గర పడుతుండగా ఒక ఉదయం నెమలికంఠం జాకెట్టు వేసుకోబోతే హుక్కు పడలేదు. ఊపిరి బిగబట్టి లాగాను. అప్పటికీ పడలేదు. అద్దం ముందు నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. జాకెట్టు విప్పి, తిరగేసి, దువ్వెన పక్కనున్న చిన్న కత్తెర తీసుకున్నాను. చివర వేసిన కుట్టు ముందు విప్పాను. తర్వాత దాని అవతలిది. దారం ముక్కలు ఒళ్ళో రాలాయి.

మా అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. జాకెట్టు చేతిలోకి తీసుకుని వెలుతురులో పట్టి చూసింది. ఏడాదంతా డాబా మీద ఎండకు ఆరి జాకెట్టు రంగు వెలిసిపోయింది. కుట్లలో దాగి ఉన్న చోట మాత్రం రెండు పక్కలా నిలువుగా, దీపావళి నాటి నెమలికంఠం రంగు అలాగే ఉంది.

"రంగు తేడా కొట్టొచ్చినట్టు కనబడ్తున్నది బిడ్డా. కొత్తది కుట్టుకోరాదు?" అంది.

"కనబడనివ్వండి అత్తయ్యా" అని జాకెట్టు తొడుక్కుని, హుక్కులు పెట్టుకుని, అన్నానికి కూర్చున్నాను. ఆవిడ నెయ్యి గిన్నె పట్టుకుని, నేను మాత్ర చేతిలోకి తీసుకునేదాకా వడ్డించకుండా నిలబడింది.